ఇంకొకడి పేరు మీద

పాతకాలపు ఆటల గురించి ఎవరైనా మురిసిపోతుంటే నాకు ఒళ్లు మండుతుంది. మా రోజుల్లో ఎంత నిజాయితీగా ఆడేవాళ్లమండీ, ఇప్పుడే అంతా చెడిపోయింది అంటారు. శాలువా కప్పించుకుని, మైకు పట్టుకుని మరీ అంటారు. ఆ రోజుల్లో నేనూ ఉన్నాను. డెబ్బైలలో విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీ గ్రౌండులో మార్కరుగా పనిచేశాను. మార్కరంటే పొద్దున్నే కోర్టు ఊడ్చి, నీళ్లు చల్లి, రోలరు లాగి, సున్నంతో గీతలు గీసేవాడు. బంతులకు గాలి కొట్టేదీ, రింగులకు వలలు కట్టేదీ, సాయంత్రం అన్నీ సర్ది గదికి తాళం వేసేదీ నేనే. ఏ టీములో ఎవడు ఎవడి పేరు మీద ఆడాడో ఆ శాలువాల వాళ్లకంటే నాకే బాగా తెలుసు. ఎందుకంటే ఆ మోసాల్లో ఒకదాని కింద నా సంతకం ఉంది.

నేను అయిదో తరగతితో ఆగిపోయినవాణ్ని. బందరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక చేపల పల్లె మాది. నాకు సముద్రం పడేది కాదు. పడవెక్కి గట్టు కనపడనంత దూరం పోతే చాలు, కడుపులోది అంతా బయటికొచ్చేది. మా పల్లెలో మగవాడికి అంతకంటే తలవంపు ఇంకోటి లేదు. అందుకే బెజవాడ వచ్చిపడ్డాను. ఆ కాలేజీలో చేరాక, మధ్యాహ్నాలు ఎండకు ఎవరూ గ్రౌండులోకి రారు గనుక, లైబ్రరీలో పాత పత్రికలు ముందేసుకుని కూర్చునేవాణ్ని. తెలుగు అట్లా గట్టిపడింది. ఇంగ్లీషు బాస్కెట్‌బాల్ రూల్సు పుస్తకంలో నేర్చుకున్నాను, ఒక్కో మాటకీ ఎవరో ఒక కుర్రాణ్ని ఆపి అర్థం అడిగి. చేతిరాత మాత్రం నాకు పుట్టుకతో వచ్చిందనే అనుకునేవాణ్ని. నోటీసు బోర్డు మీద తెలుగులో ఏం రాయాలన్నా నన్నే పిలిచేవాళ్లు. మార్కరు రాసిన నోటీసు లెక్చరర్లు నిలబడి చదువుతుంటే దూరం నుంచి చూసి పొంగిపోయేవాణ్ని.

మా కాలేజీకి బాస్కెట్‌బాల్ కప్పు పిచ్చి. దానికి కారణం ఆట మీద ప్రేమ కాదు. జూన్‌లో అడ్మిషన్లప్పుడు ఆఫీసు వరండాలో బల్ల మీద కప్పులు వరసగా పెట్టేవాళ్లు. పల్లెల నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన రైతులు వాటిని చూసి, ఇదేదో పెద్ద కాలేజీయే అనుకునేవాళ్లు. కప్పు కావాలంటే పొడుగ్గా ఉన్న కుర్రాళ్లు కావాలి. అందుకని వేసవి రాగానే కాలేజీల ఫిజికల్ డైరెక్టర్లు, పీడీ అనేవాళ్లం, ఊళ్ల మీద పడేవాళ్లు. వాళ్లలో వాళ్లు దాన్ని వేట అనే పిలుచుకునేవాళ్లు. ఒక కాలేజీలో చేరదామని బస్సు దిగిన ఆటగాణ్ని బస్టాండులోనే ఇంకో కాలేజీ వాళ్లు కలిసి, మీ పీడీ గారే పంపారు బాబూ అని చెప్పి, హోటల్లో పెసరట్టు పెట్టించి, సాయంత్రానికి తమ హాస్టల్లో దింపిన సంగతులు నాకు తెలుసు. కుర్రాణ్ని పట్టుకోవడమంటే వాడి టీసీని పట్టుకోవడమే. ఆ కాగితం పీడీ గారి బీరువాలోకి వెళ్లిందంటే వాడు ఇంకెక్కడికీ కదల్లేడు. చేరడానికి ఇంకో కాలేజీ వాళ్లు ఆ కాగితమే అడుగుతారు గదా.

ఒక ఏడాది ఈ వేటలో మా పీడీ గారికి ఎవరూ దొరకలేదు. సెంటర్‌లో ఆడే పొడుగు కుర్రాడు చదువు ముగించుకుని వెళ్లిపోయాడు. ఆయన దిగాలుగా గ్రౌండు గట్టు మీద కూర్చుని ఉంటే నేనే నోరు జారాను. మా అక్క కొడుకున్నాడండీ, మొన్ననే పదో తరగతి పాసయ్యాడు, మా ఇంటి గుమ్మంలో వంగితేగానీ లోపలికి రాలేడు అన్నాను. ఆయన లేచి నిలబడ్డాడు. బాస్కెట్‌బాల్ ఎప్పుడైనా చూశాడా అన్నాడు. లేదండీ, కానీ చేపల తట్టలు కింద నుంచి లారీ మీదికి విసురుతాడు, పైన నిలబడ్డవాడి చేతుల్లోకి సరిగ్గా పోతాయి అని చెప్పాను. ఆ ఆదివారమే నన్ను బందరు బస్సెక్కించాడు.

మా అక్క నాకంటే పదేళ్లు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఆవిడకు కొడుకును పడవ మీదికి పంపడం ఇష్టం లేదు. కుర్రాడు లెక్కల్లో గట్టివాడు. ఇంటరు పాసై, ట్రైనింగు చేసి, మా పల్లె బడికే మాస్టారుగా రావాలని వాడి కోరిక. అప్పుడు మా బడికి మాస్టారు బందరు నుంచి పదకొండింటి బస్సుకొచ్చి మూడింటి బస్సుకు వెళ్లిపోయేవాడు. మా పల్లెలో పుట్టినవాడు మాస్టారైతే బస్సు కోసం చూడడు గదా అని మా అక్క ఆశ.

బావకు మాత్రం నమ్మకం కుదరలేదు. వల బాగుచేసుకుంటూ తలెత్తకుండానే అన్నాడు.

"ఏంట్రా, తట్టలు మోయకుండా ఉంటాడని చదివిస్తంటే, బుట్టలో బంతులెయ్యడానికి తీసుకుపోతానంటావు. బంతి ఎగరేస్తే ఇంటరు ఇస్తారంట్రా మీ బెజవాడలో?"

"ఆట సాయంత్రం పూటే బావా. పగలంతా క్లాసులే. సీటు, హాస్టలు, తిండి అన్నీ కాలేజీ వాళ్లవే. మనకి పైసా ఖర్చు లేదు."

"నువ్వు చూసుకుంటావా?" అంది అక్క.

"నేనక్కడే ఉన్నాను గదక్కా."

అంతే అడిగింది, అంతే చెప్పాను. తిరుగు బస్సులో వాడు కిటికీ పక్కన మోకాళ్లు ఎదుటి సీటుకు ఆనించి, కుదరక, నడుము వంచి కూర్చున్నాడు. ఉయ్యూరు దగ్గర చక్కెర ఫ్యాక్టరీ వాసనకు ముక్కు మూసుకుని, ఇదేం కంపు మావయ్యా, ఎండుచేపే నయం అన్నాడు. బస్సులో వాళ్లంతా నవ్వారు.

కాలేజీలో దిగగానే పీడీ గారు వాడి టీసీ తీసుకుని బీరువాలో పెట్టాడు. అడ్మిషన్లు అయిపోయాయి, అయినా కరస్పాండెంటు గారి కోటాలో వేయిస్తాను, నువ్వు రేపట్నుంచి క్లాసుకెళ్లి కూర్చో అన్నాడు. మావాడు వెళ్లి ఎంపీసీ క్లాసులో ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. నూట ముప్ఫై మంది పిల్లలున్న క్లాసు అది. ఎవడు ఎవడో లెక్చరర్లకే తెలియదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, చెప్పాలి. మా కప్పు యూనివర్సిటీ పోటీల కప్పు. అందులో డిగ్రీ చదివేవాళ్లే ఆడాలి. ఇంటరు వాళ్లు యూనివర్సిటీ కిందికి రారు. పీడీ గారు దానికి దారి చూపించాడు. బీకాం చదివే ఒక కుర్రాడు ఉన్నాడు, ఉయ్యూరు వైపు చెరకు రైతు కొడుకు. కరస్పాండెంటు గారికి దగ్గరివాళ్లు. వాడు బంతి ముట్టుకున్న పాపాన పోలేదు. పోటీల ఫారం మీద పేరు, తండ్రి పేరు, క్లాసు వాడివి రాసి, ఫొటో మాత్రం మావాడిది అంటించాలన్నాడు. జిగురు రాసి ఆ ఫొటో అంటించింది నేనే. తప్పని తెలుసు. కానీ అన్ని కాలేజీలూ చేస్తున్నదే గదా, ఆట వరకే గదా అనుకున్నాను. మన దేశంలో ఎన్ని పాపాలు ఈ రెండు మాటల మీద నడుస్తున్నాయో.

ఆ బీకాం కుర్రాడు చెడ్డవాడేమీ కాదు. సరదా మనిషి. మ్యాచ్‌లప్పుడు మాత్రం కాలేజీ దరిదాపుల్లోకి రాకుండా పటమటలో వాళ్ల బాబాయి ఇంట్లో ఉండేవాడు. అయిపోయాక క్యాంటీనుకొచ్చి మావాడి భుజం మీద చెయ్యేసి, "ఒరేయ్, ఇవాళ నేనెన్ని బాస్కెట్లు వేశాన్రా?" అనేవాడు. "పదకొండు వేశావు. కాళ్లు పీకట్లేదూ?" అనేవాడు మావాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. సంవత్సరం ఆఖర్లో సర్టిఫికెట్లు వచ్చినప్పుడు మావాడిది ఆ కుర్రాడి పేరు మీద వచ్చింది. ఆటగాళ్ల కోటాలో ఉద్యోగాలొచ్చే కాలం అది. దాన్ని వాడు జాగ్రత్తగా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు.

మావాడి ఆట గురించి నాలుగు మాటలు చెప్పకపోతే నాకు తోచదు. వాడు పరిగెత్తేవాడు కాదు. అందరూ రింగు కింద కలియబడుతుంటే, బంతి ఎటు పడుతుందో ముందే తెలిసినట్టు అటు రెండడుగులు వేసి నిలబడేవాడు. అలను చూసి పడవ తిప్పేవాళ్ల పిల్లాడు గదా. బంతి చేతికి రాగానే చూడకుండా విసిరితే అవతలి చివర మనవాడి ఛాతీకి వచ్చి తగిలేది. మొదటి ఏడే మేం యూనివర్సిటీలో రెండోవాళ్లమయ్యాం. అంతకుముందు ఎప్పుడూ అంత దూరం పోలేదు.

ఆ ఏడాది మధ్యలోనే వాడు నాతో ఒక మాట అన్నాడు. క్లాసులో హాజరు పిలిచేటప్పుడు నన్ను పిలవడం లేదు మావయ్యా అన్నాడు. నేను వెళ్లి పీడీ గారిని అడిగాను. ఆటగాళ్లు ప్రాక్టీసుకని క్లాసులు ఎగ్గొడతారు గనుక వాళ్ల హాజరు విడిగా ఇంకో రిజిస్టర్లో వేస్తామన్నాడు. అది నిజమే, కొందరికి అట్లా వేసేవాళ్లు. వచ్చి అదే చెప్పాను. పరీక్షల పేపర్లు దిద్ది అందరికీ ఇచ్చినా వాడిది ఇవ్వలేదు. మళ్లీ అడిగాడు. అదీ పీడీ గారి దగ్గరే ఉంటుందిలేరా అన్నాను. ఈసారి నేను పీడీ గారిని అడగను కూడా అడగలేదు. ఆ రిజిస్టరు ఒక్కసారి నాకు చూపించండి అని ఆయన్ని అడిగి ఉంటే? గది తాళాలు నా దగ్గరే ఉండేవి. ఆ బీరువా తాళం ఒక్కటే ఆయన దగ్గర ఉండేది. ఇంగ్లీషు రూల్సు పుస్తకం మొదట్నుంచీ చివరిదాకా చదివినవాణ్ని, నా మేనల్లుడి పేరున్న పుస్తకం చూపించమని అడగలేకపోయాను.

రెండో ఏడు పోటీలు మా గ్రౌండులోనే జరిగాయి. ఫైనలు ముందు రోజు సాయంత్రం అవతలి కాలేజీ పీడీ ఫిర్యాదు ఇచ్చాడు, మీ సెంటర్ మీ కాలేజీ బీకాం కుర్రాడు కాదు, ఎవరో బయటివాడు అని. యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి మా స్టోరు రూములోనే బల్ల వేయించుకుని విచారణకు కూర్చున్నాడు. మా పీడీ గారినీ, కెప్టెన్నీ అడిగాడు. వాళ్లేం చెబుతారో ఆయనకూ తెలుసు. ఇక్కడి మార్కరెవరు, ప్రతి కుర్రాడూ తెలిసినవాడు వాడే గదా, పిలవండి అన్నాడు.

లోపలికి వెళ్లబోతుంటే పీడీ గారు గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకున్నాడు. "వీడు బయటివాడని తేలితే కాలేజీ వీణ్ని ఉంచదు. ఇంటర్ సీటు కూడా పోతుంది. పరీక్షలు ఇంకో మూణ్ణెల్లే. నీ ఇష్టం" అన్నాడు.

లోపల బల్లకు ఇటు మావాడు నిలబడి ఉన్నాడు, జెర్సీతో, చెమటతో. అవతలి పీడీ వాణ్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఏమయ్యా, ఈ అబ్బాయి నీకేమవుతాడు? ముక్కూ మొహం ఒకేలా ఉన్నాయే."

"ఏమీ కాడండీ" అన్నాను.

"మరెవరు?"

ఆ బీకాం కుర్రాడి పేరూ, వాళ్ల నాన్న పేరూ, ఊరూ గడగడా చెప్పాను. యూనివర్సిటీ ఆయన ఆ మాటలే ఇంగ్లీషులో రాయించి వేలిముద్ర వేస్తావా అన్నాడు. వేలిముద్ర అనేసరికి నాకు ఎక్కడో కాలింది. తెల్లకాగితం ఇప్పించండి, నేనే రాసిస్తానన్నాను. కూర్చుని, మార్జిను వదిలి, గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా పేజీ నిండా రాశాను. ఈ కుర్రాణ్ని నేను మొదటి ఏడాది బీకాం నుంచి ఎరుగుదునని, నాకూ ఇతనికీ ఏ చుట్టరికమూ లేదని. ఆయన చదివి, బాగా రాస్తావయ్యా, ఎంతదాకా చదివావు అని అడిగాడు. నాకు ఆ క్షణాన గర్వం కలిగింది. అబద్ధమెందుకు, కలిగింది. మావాడు నా వంక చూస్తున్నాడేమో అని మాత్రం తల తిప్పి చూడలేదు.

మర్నాడు ఫైనలు గెలిచాం. వాణ్ని భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారు. అందరూ ఆ బీకాం కుర్రాడి పేరు పెట్టి జై కొట్టారు.

మార్చి వచ్చింది. అప్పట్లో ఇంటరుకు రెండేళ్లకూ కలిపి ఆఖర్లోనే పబ్లిక్ పరీక్ష. హాల్ టికెట్లు ఆఫీసు కిటికీ దగ్గర ఇస్తున్నారు. మావాడు పొద్దున్నుంచి లైన్లో నిలబడి, ఖాళీ చేతులతో గ్రౌండులోకి వచ్చాడు. నేను వెళ్లి హెడ్ గుమాస్తాను అడిగాను. ఆయన రెండేళ్ల రిజిస్టర్లూ తిరగేశాడు. ఆ పేరుతో ఈ కాలేజీలో ఎవరూ చేరలేదయ్యా, దరఖాస్తు కూడా లేదు అన్నాడు. ఆటగాళ్ల రిజిస్టరు వేరే ఉందట గదండీ అన్నాను. అందులో పేర్లూ ఇందులో ఉన్నవాళ్లవే, ఇందులో లేనివాడు అందులో ఎట్లా ఉంటాడు అన్నాడు. చిన్న పిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. ఆ ఒక్క ముక్క రెండేళ్ల పాటు నా బుర్రకు తట్టలేదు.

పీడీ గారు విజిలు తుడుచుకుంటూ కూర్చుని ఉన్నాడు. ఆ ఏడు కోటా సీట్లన్నీ డొనేషన్ వాళ్లకే పోయాయయ్యా, నేనూ అడిగాను, కుదరలేదు అన్నాడు.

"కుదరకపోతే అప్పుడే చెప్పాలి గదండీ."

"చెబితే ఉండేవాడా?" అన్నాడు.

కోపంగా కూడా అనలేదు. బీరువా తెరిచి టీసీ తీసి నా చేతిలో పెట్టాడు. రెండేళ్లుగా అది ఏ ఫైలూ ఎక్కలేదు, మడత కూడా విప్పలేదు. వాళ్ల ఆలోచన నాకు అప్పటికి బోధపడింది. పోటీల్లో ఎలాగూ ఇంకొకడి పేరు కావాలి. అలాంటప్పుడు వీడి సొంత పేరుకు ఒక సీటు ఎందుకు దండగ?

నేరుగా ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాను. పెద్దాయన, మెత్తటి మనిషి. అంతా విన్నాడు. విని, సొరుగులో నుంచి ఒక కాగితం తీశాడు. నేను రాసిచ్చిన దాని నకలు.

"ఇది నీ రాతేనా?"

"నాదేనండీ."

"ఇందులో వీడు బీకాం, నీకేమీ కాడు. ఇప్పుడేమో ఇంటరు, నీ మేనల్లుడు. ఏది నిజం?"

"ఇప్పుడు చెప్పిందేనండీ."

ఆయన ఆ నకలు పక్కన పెట్టాడు. తరవాత మెల్లగా చెప్పాడు. అదే మాట రాసివ్వు, నేను యూనివర్సిటీకి పంపుతాను. కప్పు వెనక్కి పోతుంది, ఆ బీకాం కుర్రాడి సర్టిఫికెట్లు రద్దవుతాయి, పీడీ సంగతీ తేలుతుంది. కరస్పాండెంటు నీ ఉద్యోగం తీసేస్తాడు, దానికి నేను అడ్డుపడలేను. ఇంత చేసినా మీవాడికి ఈ మార్చిలో పరీక్ష రాదు, హాజరు లేదు గనుక. కానీ వీడు రెండేళ్లు ఇక్కడ ఉన్నాడని, ఆడాడని ఒక కాగితం మీద ఉంటుంది. రాస్తావా అని తెల్లకాగితం నా ముందుకు తోశాడు.

రేపు రాసిస్తానండీ అన్నాను. ఆ రేపు ఇంతవరకూ రాలేదు. నాకప్పుడు పెళ్లయి ఇద్దరు పిల్లలు. ఆ మాట చెప్పుకుంటే నలుగురూ పోనీలే పాపం అంటారు. కానీ అబద్ధం రాయడానికి కాగితం నేనే అడిగి తీసుకున్నాను, నిజం రాయడానికి ఆయన ఇచ్చినా ముట్టుకోలేదు. దీనికి పిల్లల్ని అడ్డం పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

పరీక్షలకు ముందు రోజు హాల్లో బల్లల మీద సుద్దతో నంబర్లు వేయడం కూడా మార్కరు పనే. ఎంపీసీ వాళ్ల నంబర్లు వేసుకుంటూ పోయాను. పరీక్షకు రానివాడి బల్ల అయినా ఖాళీగా ఉంటుంది, ఫలానావాడు రాలేదని తెలుస్తుంది. మావాడికి ఆ ఖాళీ బల్ల కూడా లేదు. నంబర్లన్నీ వరసగా ఉన్నాయి, మధ్యలో ఒక్కటీ తప్పలేదు.

ఇది జరిగి యాభై ఏళ్లు కావస్తోంది. ఈమధ్య ఎవరో ఆటల్లో సంస్కరణలు అంటూ పత్రికలో పెద్ద వ్యాసం రాశారు. అందులో స్టేడియాలున్నాయి, విదేశీ కోచ్‌లున్నారు. కుర్రాడు ఎక్కడా లేడు. నన్నడిగితే స్టేడియం తరవాత చూద్దురుగాని. ముందు కుర్రాడి టీసీ పీడీ చేతికి పోకూడదు. ఆఫీసులో ఇచ్చి, నంబరు వేసిన రసీదు తీసుకుని, ఆ రసీదు తల్లిదండ్రుల దగ్గర ఉండాలి. చేరిన ఆటగాళ్ల పేర్లు ఫొటోలతో సహా నోటీసు బోర్డు మీద పెట్టాలి, తెలుగులో. తోటి పిల్లలు చూస్తే చాలు, సగం దొంగపేర్లు ఆ రోజే బయటపడతాయి. అవతలి టీము అడిగితే అసలు హాజరు రిజిస్టరు తెచ్చి చూపించాలి, మార్కరును పిలిచి అడగడం కాదు. మార్కరు ఎవరి జీతం తింటున్నాడో విచారణకు వచ్చిన ఆయనకు తెలియదా?

ఇంకొకటుంది. మోసం దొరికినప్పుడు ఎప్పుడూ కుర్రాణ్నే బహిష్కరిస్తారు. కాలేజీకి హెచ్చరిక, కుర్రాడికి శిక్ష. ఇది తిరగబడాలి. ఆటగాణ్ని తెచ్చుకున్న కాలేజీ వాడి చేత పరీక్ష రాయించకపోతే, మరుసటేడు ఆ కాలేజీని పోటీల్లోకి రానివ్వకూడదు. పాసవుతాడా తప్పుతాడా అన్నది వాడి పని. బల్ల మీద వాడి నంబరు ఉండాలి, అంతే నేనడిగేది. ఈ సంగతులన్నీ రిటైరైన తరవాత యూనివర్సిటీకి మూడుసార్లు రాశాను. జవాబు రాలేదు. రిటైరైన తరవాత రాశానని గమనించే ఉంటారు. నేనూ గమనించాను.

మావాడు ఆ ఏప్రిల్‌లోనే ఊరికి వెళ్లిపోయాడు. జూన్‌లో ఇంకో కాలేజీలో మామూలుగా చేర్పిద్దామని, ఫీజు నేనే కట్టుకుంటానని, టీసీ తీసుకుని నేను మా పల్లెకు వెళ్లాను. మధ్యాహ్నం వేళ. వాడు పడవ దగ్గర ఉన్నాడు. అక్కడే చెప్పాను, సీటు కూడా మాట్లాడి వచ్చానని. వాడు వలలో చిక్కుకున్న నాచు లాగుతూ విన్నాడు.

"అక్కడ ఎవరి పేరు పెడతారు మావయ్యా?" అన్నాడు.

ఎగతాళిగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. నీ పేరేరా అని చెప్పాను. ఆ మాట నాకే పేలవంగా వినిపించింది. ఇంక వద్దులే అన్నాడు. టీసీ ఇవ్వబోతే చేతులు తడిగా ఉన్నాయి, ఇంట్లో పెట్టు అన్నాడు.

ఇంటికి వెళ్తే అక్క ఆకు వేసి కూర్చోబెట్టింది. చేపల పులుసు పోసింది. బావ బయట మంచం మీద ఉన్నాడు. అప్పటిదాకా నాకు తెలియదు, వాడు ఇంట్లో ఏం చెప్పాడో. పరీక్ష రాశానని, తప్పానని చెప్పాడు. అన్నీ తప్పానని, లెక్కలు కూడా.

"నీ పరువు తీశాడురా" అంది అక్క. "నువ్వు అంత కష్టపడి చేర్పిస్తే, దగ్గరుండి చూసుకుంటే, ఆ బంతి పిచ్చిలో పడి చదువు చెడగొట్టుకున్నాడు. రెండేళ్లు తిండి పెట్టి చదువు చెబితే ఒక్కదాంట్లోనన్నా గట్టెక్కలేకపోయాడు. ఆ కాలేజీ వాళ్లకి మొహం ఎట్టా చూపిస్తన్నావో నువ్వు."

వాడు అప్పుడే గుమ్మంలో వంగి లోపలికొచ్చాడు. ఆ మాటలు విన్నాడు. నా వైపు ఒకసారి చూసి, అమ్మా నాకూ పెట్టు అని నా పక్కన కూర్చున్నాడు.

అక్క నన్ను ఇంకో రెండు ముక్కలు వేసుకోమంది. వేసుకున్నాను. ఆవిడ మరో ఇరవై ఏళ్లు బతికింది. కొడుకు పరీక్ష తప్పాడనే అనుకుంటూ పోయింది.